స్టేడియం మీద జైలు పేరు

మిత్రులకు నమస్కారం.

ఈ సభలో అమెరికా వెళ్ళబోయే పిల్లలున్నారు, పంపించే తల్లిదండ్రులున్నారు, అక్కడ చదువుకుని తిరిగొచ్చినవాళ్ళూ ఉన్నారు. ఫీజు ఎంత, లోను ఎంత, వీసా స్లాటు ఎప్పుడు అన్న లెక్కలు మీ అందరికీ కంఠతా వచ్చు. ఆ విశ్వవిద్యాలయాల దగ్గర పోగుపడిన డబ్బు ఎక్కడెక్కడ తిరుగుతుందన్న లెక్క మాత్రం మనం పెద్దగా అడగం. ఇవాళ అందులో ఒక్క దారి గురించే మాట్లాడతాను. మనుషుల్ని బంధించి ఉంచడం ద్వారా లాభం తీసుకునే కంపెనీలతో యూనివర్సిటీలు పెట్టుకున్న సంబంధం గురించి, ఆ సంబంధానికీ జాతి వివక్షకూ ఉన్న లంకె గురించి.

2013 ఫిబ్రవరిలో ఫ్లోరిడా అట్లాంటిక్ యూనివర్సిటీ ఒక ప్రకటన చేసింది. బోకా రటోన్ పట్టణంలో ఉన్న ఈ విశ్వవిద్యాలయం అంతకు రెండేళ్ళ ముందు కొత్త ఫుట్‌బాల్ స్టేడియం కట్టుకుంది. ఆ స్టేడియానికి జియో గ్రూప్ పేరు పెడుతున్నాం, అందుకు ఆ కంపెనీ ఫౌండేషన్ పన్నెండేళ్ళలో 60 లక్షల డాలర్లు ఇస్తుంది అని చెప్పింది. జియో గ్రూప్ ప్రధాన కార్యాలయం కూడా ఆ ఊళ్ళోనే. అప్పట్లో దాని ఛైర్మన్‌గా ఉన్న జార్జ్ జోలీ ఆ యూనివర్సిటీలో పట్టా తీసుకున్నవారు, ఒకప్పుడు దాని పాలకమండలికి అధ్యక్షత వహించినవారు. ఊరి కంపెనీ, పూర్వ విద్యార్థి, ఊరి కాలేజీకి విరాళం. పైకి చూస్తే ఎవరూ కాదనలేని విషయం.

అయితే జియో గ్రూప్ జైళ్ళు నడిపే కంపెనీ. దానికి ఒక ఏడాది ముందే మిసిసిపీలో అది నడిపిన వాల్నట్ గ్రోవ్ యువఖైదీల జైలు గురించి ఫెడరల్ న్యాయమూర్తి కార్ల్‌టన్ రీవ్స్ చాలా కటువైన మాటలు రాశారు. అక్కడి పరిస్థితులు అమానుషమనీ, రాజ్యాంగానికి విరుద్ధమనీ తీర్పులో తేల్చారు. యూనివర్సిటీకి కాస్త దూరంలో పాంపనో బీచ్ దగ్గర వలసదారుల్ని ఉంచే నిర్బంధ కేంద్రాన్ని నడుపుతున్నదీ ఈ కంపెనీయే. విద్యార్థుల్లో కొందరి ఇళ్ళలోవాళ్ళు, తెలిసినవాళ్ళు అలాంటి చోట్లకు వెళ్ళొచ్చినవాళ్ళు. ఆ యూనివర్సిటీ జట్టు గుర్తు గుడ్లగూబ. ఇంగ్లీషులో గుడ్లగూబ పేరునూ అల్కట్రాజ్ జైలు పేరునూ కలిపి స్టేడియానికి ‘ఔల్‌కట్రాజ్’ అని విద్యార్థులు పేరు పెట్టారు. ప్రెసిడెంటు ఆఫీసులో బైఠాయించారు. అధ్యాపకులు తీర్మానం చేశారు. ఏప్రిల్ మొదట్లో కంపెనీయే విరాళాన్ని వెనక్కి తీసుకుంది.

ఈ ఉదంతంతో ఎందుకు మొదలుపెట్టానంటే, మిగిలిన కథ అర్థం కావడానికి ఒక ప్రశ్న ఇక్కడే దొరుకుతుంది. జియో గ్రూప్‌కి కొనుగోలుదారు ప్రభుత్వం. సబ్బులమ్మే కంపెనీలాగా జనం దగ్గరికొచ్చి ప్రచారం చేసుకోవలసిన పని లేదు. మరి స్టేడియం మీద పేరు ఎందుకు? మన ఊళ్ళలో గుడికి సీలింగ్ ఫ్యాను ఇచ్చినా రెక్కల మీద దాత పేరు రాయిస్తాం. ఆ పేరు చదివినవాళ్ళు ఆ దాత వ్యాపారం గురించి అడగరు; మంచి మనిషి అనుకుని దండం పెట్టుకుని పోతారు. జైలు కంపెనీ యూనివర్సిటీ దగ్గర కొనుక్కోవాలనుకున్నది ఆ దండాన్ని. నేను ఇవాళ చెప్పదలచుకున్నది ఇదే. ఈ పరిశ్రమ యూనివర్సిటీల నుంచి ఆశించేది డబ్బు కంటే ఎక్కువగా గౌరవం. అందుకే లెక్కల్లో ఆ సంబంధం ఎంత చిన్నదిగా కనిపించినా దాన్ని చిన్నదిగా తీసుకోకూడదు.

ఈ వ్యాపారం ఎలా నడుస్తుందో కొంచెం చూద్దాం. 1983లో టెనెసీ రాష్ట్రం నాష్‌విల్‌లో కరెక్షన్స్ కార్పొరేషన్ ఆఫ్ అమెరికా పుట్టింది. సీసీఏ అంటారు. 2016లో కోర్‌సివిక్ అని పేరు మార్చుకుంది. 1984లో వాకెన్‌హట్ అనే కాపలా కంపెనీ జైళ్ళ విభాగం తెరిచింది. అదే తర్వాత జియో గ్రూప్ అయింది. ప్రభుత్వం వీటికి ఖైదీకి రోజుకు ఇంత అని కడుతుంది. అంటే మంచం ఖాళీగా ఉంటే నష్టం. అందుకని చాలా ఒప్పందాల్లో ఒక షరతు పెట్టారు: ఇన్ని శాతం మంచాలు నిండకపోయినా నిండినట్టే లెక్కకట్టి డబ్బివ్వాలి. 2012లో సీసీఏ 48 రాష్ట్రాలకు లేఖలు రాసింది. మీ జైళ్ళు మాకు అమ్మండి, ఇరవై ఏళ్ళ ఒప్పందం రాసుకుందాం, 90 శాతం మంచాలు నిండి ఉండేట్టు హామీ ఇవ్వండి అని. ఇది రహస్యంగా జరిగిన బేరం కాదు. వాటాదారుల కోసం ఏటా దాఖలు చేసే పత్రాల్లో కూడా ఈ కంపెనీలు తమ వ్యాపారానికి ఉన్న ముప్పుల్ని స్వయంగా రాసుకుంటాయి. శిక్షలు తగ్గించడం, మాదకద్రవ్యాల చట్టాలు సడలించడం, వలస చట్టాల అమలులో ఉదారత చూపడం ఆ జాబితాలో ఉంటాయి. ఒక సమాజానికి శుభవార్త ఏదో అది ఈ వాటాదారుకు నష్టం.

షేర్ మార్కెట్ కూడా దాచిపెట్టలేదు. 2016 ఆగస్టులో అమెరికా న్యాయశాఖ ఉపాధిపతి శాలీ యేట్స్ ఫెడరల్ ఖైదీలకు ప్రైవేటు జైళ్ళ వాడకం క్రమంగా తగ్గిస్తామన్నారు. ఒక్క రోజులో ఈ షేర్లు మూడో వంతుకు పైగా పడిపోయాయి. నవంబరులో ట్రంప్ గెలిచిన మర్నాడు సీసీఏ షేరు నలభై శాతానికి పైగా లేచింది. 2017లో ఆ నిర్ణయం రద్దయింది, 2021లో బైడెన్ మళ్ళీ తెచ్చారు, 2025 జనవరిలో ట్రంప్ మొదటి రోజే మళ్ళీ రద్దు చేశారు.

మరి ఆ మంచాల మీద ఎవరుంటారు? అమెరికా జనాభాలో నల్లజాతివాళ్ళు ఏడుగురిలో ఒకరు ఉంటారు. జైళ్ళలో మూడో వంతు దాకా వాళ్ళే. ఇది కంపెనీలు పుట్టించిన అన్యాయం అని నేననను. అవి పుట్టకముందు నుంచీ ఉంది. 1865లో బానిసత్వాన్ని రద్దుచేసిన పదమూడో రాజ్యాంగ సవరణలోనే ఒక సందు వదిలారు: నేరానికి శిక్షగా తప్ప. ఆ ఒక్క మినహాయింపును పట్టుకుని దక్షిణాది రాష్ట్రాలు పనిలేకుండా తిరిగాడనీ, చిన్న దొంగతనం చేశాడనీ నల్లవాళ్ళని పట్టుకొచ్చి, ఖైదీలుగా మార్చి, గనులకూ తోటలకూ రైలు కంపెనీలకూ అద్దెకిచ్చాయి. అలబామాలో ఇది 1928 దాకా సాగింది. వెట్టిచాకిరీ అంటే ఏమిటో తెలంగాణ పల్లెల్లో పెద్దవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఇక్కడ దొర ఉన్న స్థానంలో అక్కడ రాష్ట్ర ప్రభుత్వమే ఉంది.

ఆ వెట్టి లాభం పొందినవాళ్ళలో విశ్వవిద్యాలయం కూడా ఉంది. సౌత్ కరొలైనాలో క్లెమ్సన్ యూనివర్సిటీ 1889లో ఏర్పడింది. ఆ స్థలం జాన్ కాల్హూన్‌ది; బానిసత్వం మేలైన వ్యవస్థ అని సెనేట్‌లో వాదించిన నాయకుడు. అది ఆయన తోట, అక్కడ బానిసలు పనిచేశారు. కాలేజీ కట్టాల్సి వచ్చినప్పుడు రాష్ట్రం ఖైదీల్ని పంపింది. దాదాపు అందరూ నల్లవాళ్ళు. అడవి కొట్టారు, మట్టి తవ్వారు, ఇటుకలు కాల్చారు, భవనాలు లేపారు. క్లెమ్సన్‌లోనే సాహిత్యం చెప్పే ఆచార్యురాలు రోండా రాబిన్సన్ థామస్ ఏళ్ళ తరబడి పాత రికార్డులు వెతికి ఆ మనుషుల పేర్లు బయటికి తీశారు. 600 మందికి పైగా లెక్క తేలారు. వాళ్ళలో కొద్దిపాటి బట్టలు దొంగిలించాడని శిక్షపడ్డ పదమూడేళ్ళ కుర్రాడు కూడా ఉన్నాడు. వాళ్ళు కట్టిన కాలేజీలో 1963 దాకా నల్లజాతి విద్యార్థికి సీటు లేదు. 2020లో అక్కడి వుడ్‌ల్యాండ్ శ్మశానంలో నేల లోపలికి చూసే రాడార్‌తో వెతికితే గుర్తులేని సమాధులు 600కు పైనే కనిపించాయి. ఆ శ్మశానాన్ని ఆనుకునే ఫుట్‌బాల్ స్టేడియం ఉంది. శనివారం ఆట ఉంటే ఎనభై వేల మంది వస్తారు.

నూరేళ్ళ కిందటి సంగతి ఇప్పుడెందుకు అని అనిపించవచ్చు. ఎందుకంటే ఆ రాబడి నేరుగా ఇటుకల రూపంలో వచ్చింది కాబట్టి దాన్ని గుర్తుపట్టగలుగుతున్నాం. ఇప్పుడు అదే రాబడి ఫండ్ల రూపంలో వస్తుంది, గుర్తుపట్టడం కష్టం.

అమెరికాలో పెద్ద యూనివర్సిటీలన్నిటికీ విరాళాలతో పెరిగిన శాశ్వత నిధి ఉంటుంది. దాన్ని షేర్లలో, బాండ్లలో, పెద్ద మదుపరుల డబ్బు తీసుకుని రకరకాల పెట్టుబడుల్లో తిప్పే హెడ్జ్ ఫండ్లలో పెడతారు. ఆ ఫండు ఎక్కడ పెట్టిందో యూనివర్సిటీలో చదువుకునేవాళ్ళకీ చెప్పేవాళ్ళకీ తెలియదు. 2000 తర్వాత విద్యార్థులు మొదట పట్టుకున్న దారం నిధి కూడా కాదు, భోజనం. చాలా క్యాంపస్‌లలో మెస్ నడిపే సొడెక్సో అనే ఫ్రెంచి కంపెనీకి సీసీఏలో పెద్ద వాటా ఉందని తెలిసింది. మేం తినే అన్నం డబ్బు జైలుకు పోకూడదని పదుల కొద్దీ క్యాంపస్‌లలో ఉద్యమం చేస్తే 2001లో సొడెక్సో ఆ వాటా అమ్మేసింది. తర్వాత యేల్ యూనివర్సిటీలో పరిశోధక విద్యార్థుల సంఘం ఒక హెడ్జ్ ఫండ్ వెనక సీసీఏ వాటాలున్నాయని పట్టుకుని నిలదీసింది.

అసలు మలుపు కొలంబియాలో వచ్చింది. న్యూయార్క్‌లో నల్లజాతివాళ్ళ పేటగా పేరుపడ్డ హార్లెం పక్కనే ఉన్న యూనివర్సిటీ. తమ నిధిలో సీసీఏ షేర్లూ, జైళ్ళు కూడా నడిపే బ్రిటిష్ కాపలా కంపెనీ జీ4ఎస్ షేర్లూ ఉన్నాయని 2013లో కొద్దిమంది విద్యార్థులకు తెలిసింది. ఎక్కువమంది నల్లజాతి విద్యార్థులు. హార్లెం నుంచి ఎంతమంది జైలుకు పోతారో పుస్తకాలు చూసి తెలుసుకోవలసిన అవసరం లేనివాళ్ళు. అధ్యక్షుడికి ఉత్తరం ఇచ్చారు, సలహా సంఘం ముందు వాదించారు, ఏడాదిన్నర వదల్లేదు. 2015 జూన్‌లో ట్రస్టీలు ఆ వాటాలు వదులుకోవాలని తీర్మానించారు. ప్రైవేటు జైళ్ళ నుంచి పెట్టుబడి వెనక్కి తీసుకున్న మొదటి అమెరికన్ యూనివర్సిటీ అది. అదే ఏడాది డిసెంబరులో, ఆఫ్రికన్ బ్లాక్ కోయిలిషన్ అనే నల్లజాతి విద్యార్థుల సమాఖ్య ఒత్తిడితో, యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా సీసీఏ, జియో, జీ4ఎస్‌లలో ఉన్న దాదాపు రెండున్నర కోట్ల డాలర్ల వాటాలు అమ్మేసింది.

హార్వర్డ్ వేరే దారి పట్టింది. 2019లో విద్యార్థులు పట్టుబడితే అధ్యక్షుడు లారెన్స్ బాకో చెప్పిన సమాధానం: ప్రైవేటు జైళ్ళలో మా పెట్టుబడి సుమారు 18 వేల డాలర్లు మాత్రమే. అప్పటికి హార్వర్డ్ నిధి దాదాపు నాలుగు వేల కోట్ల డాలర్లు. విద్యార్థులు ఆ లెక్కను ఒప్పుకోలేదు. జైళ్ళకు అప్పులిచ్చే బ్యాంకుల్ని, ఫోన్లు అమర్చే కంపెనీల్ని, బెయిలు వ్యాపారుల్ని కలిపితే 30 లక్షల డాలర్ల దాకా తేలుతుందని తమ నివేదికలో చూపించారు. ఎవరి లెక్క సరైనదన్న వాదనలోకి నేను పోను. 18 వేలే అనుకుందాం. అంత పెద్ద నిధిలో అది వదులుకుంటే ఒక్క స్కాలర్‌షిప్ కూడా ఆగదు. అయినా వదులుకుంటున్నామని బహిరంగంగా చెప్పడానికి ఎందుకు అంత తటపటాయింపు? చెబితే ఆ వ్యాపారం తప్పు అని హార్వర్డ్ నోటితో అన్నట్టవుతుంది. ఆ మాట విలువ 18 వేల డాలర్లు కాదని విద్యార్థులకూ తెలుసు, అధ్యక్షుడికీ తెలుసు. 2020 ఫిబ్రవరిలో విద్యార్థులు కోర్టుకు కూడా వెళ్ళారు.

ఆ మాట విలువ ఎంతో 2019లోనే మార్కెట్‌లో కనిపించింది. క్యాంపస్‌లలో, వలసదారుల సంఘాల్లో మొదలైన ఒత్తిడి బ్యాంకుల దాకా పాకింది. మార్చిలో జేపీ మోర్గాన్, జూన్‌లో బ్యాంక్ ఆఫ్ అమెరికా, ఇంకా కొన్ని బ్యాంకులు ఈ కంపెనీలకు కొత్తగా అప్పులివ్వమన్నాయి. షేరు అమ్మితే ఇంకొకడు కొంటాడు, ఏం లాభం అని అడిగేవాళ్ళకి నా సమాధానం ఇదే. కొనేవాడు ఎప్పుడూ ఉంటాడు. కానీ ఫలానావాళ్ళు దూరం జరిగారన్న వార్త అప్పు ఖరీదు పెంచుతుంది.

బలమైన అభ్యంతరం ఇంకొకటి ఉంది, దాన్ని దాటవేయలేం. రాష్ట్ర, ఫెడరల్ ఖైదీల్లో ప్రైవేటు జైళ్ళలో ఉన్నది నూటికి ఎనిమిది మంది లెక్కన మాత్రమే. మిగిలినవాళ్ళంతా ప్రభుత్వ జైళ్ళలోనే ఉన్నారు, అక్కడ పరిస్థితి మెరుగ్గా ఏమీ లేదు. న్యూయార్క్ రాష్ట్ర యూనివర్సిటీల్లో బల్లలూ కుర్చీలూ చాలావరకు కార్‌క్రాఫ్ట్ నుంచి వస్తాయి. అది రాష్ట్ర జైళ్ళ శాఖ నడిపే తయారీ విభాగం. ఖైదీకి గంటకు ఒక డాలరు కూడా ముట్టదు. యూనివర్సిటీ ఆఫ్ ఫ్లోరిడా వ్యవసాయ క్షేత్రాల్లో ఖైదీల చేత పని చేయించుకునేది. పోలీసు చేతిలో నల్లజాతి మనిషి జార్జ్ ఫ్లాయిడ్ హత్య జరిగిన తర్వాత, 2020 జూన్‌లో, ఇక మానేస్తామని ప్రకటించింది. కాబట్టి ప్రైవేటు కంపెనీల షేర్లు అమ్మేసి చేతులు కడుక్కుంటే సరిపోదు. ఈ మాట ఒప్పుకుంటాను. కానీ ఆ ఎనిమిది శాతం లెక్కలో ఒక సంగతి కనపడదు. వలసదారుల నిర్బంధంలో లెక్క తలకిందులు. ఐస్ అనే వలస పోలీసు విభాగం బంధించినవాళ్ళలో నూటికి తొంభై మంది దాకా ప్రైవేటు కంపెనీలు నడిపే చోట్లే ఉంటున్నారు. 2025 జులైలో అమెరికా కాంగ్రెస్ ఈ నిర్బంధానికే 4,500 కోట్ల డాలర్లు కేటాయించింది. పరిశ్రమ భవిష్యత్తు అక్కడుంది.

ఇక్కడ లూసియానాలో జీనా అనే చిన్న పట్టణం గురించి చెప్పాలి. 1998లో వాకెన్‌హట్ అక్కడ పిల్లల జైలు తెరిచింది. ఎక్కువమంది నల్లజాతి కుర్రాళ్ళు. కాపలావాళ్ళ దౌర్జన్యం, చాలని బట్టలు, చాలని తిండి. 2000లో కేంద్ర న్యాయశాఖే దావా వేసింది, జైలు మూతపడింది. 2006లో అదే ఊరి హైస్కూలు ఆవరణలో ఒక చెట్టుకు ఉరితాళ్ళు వేలాడదీశారు. నల్లవాళ్ళని చెట్లకు ఉరితీసిన చరిత్ర ఉన్న నేల మీద ఆ తాళ్ళకు అర్థం ఎవరికీ వివరించనక్కర్లేదు. వేలాడదీసిన తెల్ల విద్యార్థుల్ని కొద్దిరోజులు బడికి రావద్దన్నారు. కొన్ని నెలల తర్వాత ఒక తెల్ల కుర్రాణ్ణి కొట్టారని ఆరుగురు నల్లజాతి పిల్లల్ని పట్టుకుని, చాలామంది మీద ముందు హత్యాయత్నం కేసు పెట్టారు. 2007 సెప్టెంబరులో దేశం నలుమూలల నుంచి వేలాదిమంది ఆ ఊరికి వచ్చి ఊరేగింపు తీశారు. సరిగ్గా ఆ ఏడాదే, మూతపడ్డ ఆ జైలు భవనాన్ని జియో గ్రూప్ వలసదారుల నిర్బంధ కేంద్రంగా మళ్ళీ తెరిచింది. వెయ్యికి పైగా మంచాలు.

2025 మార్చి 8న కొలంబియా విద్యార్థి మహమూద్ ఖలీల్‌ని యూనివర్సిటీ వసతి భవనంలో అరెస్టు చేశారు. గ్రీన్‌కార్డు ఉన్న మనిషి. నేరం మోపలేదు, పాలస్తీనా కోసం జరిగిన ఆందోళనల్లో ముందున్నాడు. ఆయన్ని తీసుకెళ్ళి పెట్టింది జీనాలో. 104 రోజులు ఉంచారు. ఆయన లోపలుండగానే మొదటి బిడ్డ పుట్టాడు. టఫ్ట్స్ యూనివర్సిటీ పరిశోధక విద్యార్థిని రుమేసా ఓజ్‌తుర్క్ క్యాంపస్ పత్రికలో నలుగురు కలిసి రాసిన వ్యాసంలో ఒక రచయిత్రి. ఆమెను లూసియానాలోనే బెసిల్ అనే ఊళ్ళో జియో నడిపే ఇంకో కేంద్రంలో పెట్టారు. జార్జ్‌టౌన్‌లో పరిశోధన చేస్తున్న మన దేశస్థుడు బదర్ ఖాన్ సూరిని టెక్సస్‌లో పెట్టారు. పదేళ్ళ కిందట జైలు షేర్లు అమ్మేయమని పోరాడిన క్యాంపస్ నుంచే విద్యార్థిని జైలు కంపెనీ మంచం మీదికి తీసుకుపోయారు. నల్లజాతి కుర్రాళ్ళ కోసం కట్టిన గోడలు వలస విద్యార్థికి పనికొచ్చాయి.

ఇందులో మన పిల్లల మాట కూడా ఉంది. 2011లో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు మన విద్యార్థుల కాళ్ళకు రేడియో కడియాలు తొడిగారు. 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అనే పేరుతో వలస పోలీసులే ఒక దొంగ విశ్వవిద్యాలయం నడిపి, ఫీజులు కట్టించుకుని, మొదటి విడతలోనే 129 మంది భారతీయ విద్యార్థుల్ని పట్టుకున్నారు. వాళ్ళలో ఎక్కువమంది తెలుగువాళ్ళు. కొందరిని కౌంటీ జైళ్ళలో పెట్టారు కాబట్టి అందరూ ప్రైవేటు జైళ్ళకే వెళ్ళారని నేను చెప్పడం లేదు. బేడీలు మన ఇళ్ళ గడప దాకా వచ్చాయని చెబుతున్నాను. అమెరికాలో నల్లవాళ్ళ సంగతి మనకెందుకు అనే మాట తెలుగు కుటుంబాల్లో నేను చాలాసార్లు విన్నాను, విన్న ప్రతిసారీ బాధపడ్డాను. మనం ఆ దేశానికి వెళ్ళగలిగిన వలస చట్టం 1965లో వచ్చింది. పౌరహక్కుల కోసం నల్లజాతి ప్రజలు రక్తం కార్చిన కాలంలో, వాళ్ళు తెరిచిన దారిలో వచ్చింది.

అక్కడ చదివి వచ్చినవాళ్ళకి ఏటా యూనివర్సిటీ నుంచి విరాళం కోరుతూ ఉత్తరం వస్తుంది. ఈసారి దానికి జవాబు రాయండి. కోర్‌సివిక్‌లో, జియోలో మీ నిధికి వాటాలున్నాయా? మీరు డబ్బు పెట్టిన ఫండ్లకు ఉన్నాయా? మీ ట్రస్టీల్లో ఎవరైనా ఆ కంపెనీల్లో గానీ, వాటికి అప్పిచ్చే సంస్థల్లో గానీ పదవుల్లో ఉన్నారా? మీ తరగతి గదుల్లో బల్లలు ఎవరు చేశారు? కొత్తగా చేరబోయే పిల్లలు విద్యార్థి సంఘం ద్వారా ఇవే అడగవచ్చు; వీసా మీద ఉన్నవాళ్ళు ఒంటరిగా ముందుకు పోకుండా, అక్కడి పౌరులైన తోటి విద్యార్థుల్ని ముందు నిలబెట్టి అడగడం ఇప్పటి పరిస్థితుల్లో మంచిది. ‘మాకు నేరుగా షేర్లేమీ లేవు’ అని సాధారణంగా మొదటి జవాబు వస్తుంది. అక్కడితో ఆగకుండా ఫండ్ల సంగతి ఏమిటని రెండో ఉత్తరం రాయండి.